జార్ కడిగిన నీళ్లు

"వడకట్టీసేవా?"

వాకింగ్ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ శ్రీరామ్మూర్తి అడిగే మొదటి మాట అది. ఆరు నెలలుగా రోజూ అదే మాట. ఒక కాలు బూటులో, ఒక కాలు బయట ఉండగానే వీధి గుమ్మంలోంచి కేకేస్తాడు. అనూరాధ వంటింట్లోంచి "ఆఁ" అంటుంది. ఆ ఒక్క "ఆఁ" వెనక ఎంత పని ఉందో ఆయనకి తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించనూ లేదు.

ఆ పని ఐదింటికే మొదలవుతుంది. ఉక్కునగరంలో వాళ్ల క్వార్టరు వెనక ఉన్న కాస్త జాగాలో ఆమె ఒక మునగ, ఒక జామ, రెండు మళ్ల తోటకూర, ఒక మడి పాలకూర, పందిరి మీదికి పాకిన బచ్చలి పెంచుకుంది. సోమవారం తోటకూర, మంగళవారం పాలకూర, బుధవారం బచ్చలి, ఇలా ఆకు మార్చి ఆకు. ఏ ఆకైనా మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ఉంచి తీస్తుంది. పాలకూర పచ్చిది రోజూ తాగితే కిడ్నీలో రాళ్లు చేరే ఒళ్లున్నవాళ్లకి మంచిది కాదని ఆమెకి తెలుసు. దానికి లేత మునగాకు ఒక గుప్పెడు, సగం కీరా, ఒక దోరజామ, అల్లం ముక్క, రాత్రి నానబెట్టిన నువ్వులు ఒక చెంచా. పంచదార లేదు, తేనె లేదు. ఆయనకి షుగరు కాబట్టి అరటిపండు మాట ఎత్తకూడదు. మిక్సీ ఆపేశాక చివర్లో నిమ్మకాయ పిండుతుంది. ఆకులో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు తోడుండాలి, టీ దరిదాపుల్లో ఉండకూడదు. ఇదంతా ఆమె యూట్యూబులో చూసి నేర్చుకున్నది కాదు. వాళ్ల నాన్న వరహాలు ఆనందపురంలో ఆకుకూరల రైతు. ఏ ఆకు ఏ పొద్దులో కోస్తే వాడదో ఆమెకి పలక పట్టకముందే తెలుసు. ఆ తర్వాత భీమిలిలో డిగ్రీ, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం. రెండో ఏడాదిలో పెళ్లి. "పెళ్లయ్యాక చదువుకోవచ్చు, మేం కాదంటామా" అన్నారు. కాదనలేదు నిజమే. ఆ మాట మళ్లీ ఎత్తలేదు, అంతే.

మిక్సీ జారుకి సరిగ్గా మూడు గ్లాసులొస్తాయి. ఒకటి ఆయనకి. ఒకటి అత్తగారు గంగాలమ్మకి. ఒకటి ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు హేమశ్రీకి. ఆయన గ్లాసు మాత్రం వడకట్టాలి, జామ గింజలు పళ్ల సందుల్లో ఇరుక్కుంటాయట. మూడు గ్లాసులూ మూడు గదుల్లోకి వెళ్లిపోయాక అనూరాధ జారులో అరగ్లాసు నీళ్లు పోసి, మూతపెట్టి ఒక్కసారి గిర్రున తిప్పి, లేతాకుపచ్చగా వచ్చిన ఆ నీళ్లని గట్టు దగ్గరే నిలబడి తాగేస్తుంది. ఏదీ వృథా పోనివ్వనని ఆమెకి గర్వం. పక్క క్వార్టరు ఆశాజ్యోతికి ఒకసారి గొప్పగా చెప్పుకుంది కూడా. వడకట్టిన పిప్పినీ పారెయ్యదు. సాయంత్రం చపాతీ పిండిలో కలిపేస్తుంది. పొద్దున్న వద్దన్న పిప్పిని శ్రీరామ్మూర్తి పొద్దుగూకాక బాగుందంటూ తింటాడు. ఈ సంగతి ఆయనకి చెప్పకుండా ఉండటంలో ఆమెకి చిన్న సరదా ఉండేది. ఆ ఇంట్లో ఆమెకున్న సరదాలు లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు, అందుకే దీన్ని జాగ్రత్తగా దాచుకుంది. ఆ కడిగిన నీళ్ల మీద ఒక టీ, టిఫిన్లు అయ్యాక ఇంకో టీ. టీ తాగితే ఆకలి తెలియదు, ఆకలి తెలియకపోతే పని ఆగదు.

రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్‌గా చేస్తున్న శ్రీరామ్మూర్తి మూడు నెలల షుగరు సగటు చైత్రంలో ఎనిమిది దాటింది. దసరాకి ఏడు లోపలికి దిగింది. మందులూ పనిచేశాయి, నడకా పనిచేసింది, జ్యూసూ పనిచేసింది. కానీ మందుల గురించి చెప్పుకుంటే ఎవరూ చెవి ఒగ్గరు. జ్యూసంటే అందరూ కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు. మిల్లులో ఆయనకి "జ్యూసు మూర్తిగారు" అని పేరొచ్చింది. ఫోనులో కొలీగులకి చెప్తుంటే అనూరాధ బట్టలు మడత పెడుతూ వింది. "నాను పొద్దున్నే గ్రీన్ స్మూతీ తీసుకుంతాను బావా. మొత్తం నా డైట్ మార్చీసేను." మార్చీసేనట. ఆమె చేతిలో ఉన్న ఆయన చొక్కాని ఒకసారి దులిపి మడత పెట్టింది.

అదే ఆరు నెలల్లో ఆమెకేం జరిగిందో ఎవరూ ఫోనులో చెప్పుకోలేదు. కుర్మన్నపాలెం మార్కెట్టు నుంచి సంచి మోసుకొస్తే మధ్యలో రెండుసార్లు ఆగాలి. మేడ మీద బట్టలు ఆరేసి దిగితే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. దువ్వెన నిండా జుట్టు. నెలసరి ఏడు రోజులు, ఆ ఏడు రోజులూ ఆమె గోడలు పట్టుకుని నడుస్తుంది. ఆయన పేపరులోంచి తల ఎత్తకుండా అన్నాడు: "ఇంట్లో ఉండీదానివి, నీకేటి ఆయాసం?" హేమశ్రీ నవ్వుతూనే అంది, "అమ్మా, నువ్వు బాగా స్లో అయిపోయేవు." అత్తగారైతే పాత రోజుల్లోకి వెళ్లిపోయింది. "నాను ఈ ఇంటికొచ్చీసరికి నాలుగు గేదెలు, పది మంది మనుసులు. నాకేటీ ఆయాసం రానేదు." అనూరాధ నమ్మింది. అదీ బాధ. వాళ్లన్న మాటలన్నీ నమ్మింది. నేనే బద్ధకస్తురాలినయ్యానేమో, నలభై ఒకటికే ముసలిదాన్నయ్యానేమో అనుకుని ఇంకో పది నిమిషాలు ముందు లేవడం మొదలుపెట్టింది.

ఇంకో సంగతి ఉంది, అది ఎవరికీ చెప్పుకోలేనిది. ఆమెకి పచ్చి బియ్యం తినాలనిపించేది. అనిపించడం కాదు, ఆగలేకపోయేది. బియ్యం డబ్బా మూత తీస్తే ఆ వాసనకే నోరూరేది. పిడికెడు తీసి కొంగు చివర ముడేసుకుని, అంట్లు తోముతున్నప్పుడు నాలుగు గింజలు, బట్టలు ఉతుకుతున్నప్పుడు నాలుగు గింజలు. ఒకరోజు గంగాలమ్మ చూసేసింది. "ఓలమ్మా, సిన్నపిల్లలాగ బియ్యం బొక్కుతన్నావేటి? బియ్యం బొక్కితే లచ్చిందేవి ఇంట్లోంచి ఎల్లిపోతాది." ఆ సాయంత్రం ఆ మాట భోజనాల దగ్గర కూడా వచ్చింది. అందరూ నవ్వారు. అనూరాధ కూడా నవ్వింది. వడ్డిస్తున్న చెయ్యి ఆపకుండా నవ్వింది. మర్నాటి నుంచి కొంగు ముడి మానేసి రవిక లోపల కాగితం పొట్లం పెట్టుకుంది. డిగ్రీ దాకా చదివిన మనిషి, ఒక పిల్ల తల్లి, సొంత ఇంట్లో బియ్యం దొంగతనం చేస్తోంది. ఆ సిగ్గు ఆమెని లోలోపల తినేసింది.

దసరా దాటాక శ్రీరామ్మూర్తి ఒక సాయంత్రం ఉత్సాహంగా వచ్చాడు. డిపార్టుమెంటులో ఆరోగ్య వారోత్సవం, శనివారం ట్రైనింగ్ హాల్లో ఆయన చేత జ్యూసు చేయించి చూపిస్తారట. కుటుంబాలతో రమ్మన్నారట. "ఎలగ సెయ్యాలో ఒక కాయితం మీద రాసీ" అన్నాడు. ఆమె రెండు పేజీలు రాసింది. ఎన్నాళ్లకో పెన్ను పట్టుకుంటే వేళ్లు మొదట తడబడ్డాయి, తర్వాత పరిగెత్తాయి. ఏ ఆకులో ఏముంది, ఎందుకు ఉడకేసి తీయాలి, నిమ్మకాయ ఎందుకు, టీకి గంట ఎడం ఎందుకు. ఆయన చదివి మొదటి పేజీ సగానికి వచ్చేసరికి ఆవులించాడు. "ఇంత ఎవులింతారు? ఇనుము, ఇనుము అని ఇన్నిసార్లు రాసేవేటి? ఇనుము గురించి స్టీల్ ప్లాంటోలికి నువ్వు సెప్తావా?" తన జోకుకి తనే నవ్వుకుని ఎనిమిది లైన్లు ఉంచి మిగతాదంతా కొట్టేశాడు.

గురువారం సెక్టారు కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్లకి రక్త పరీక్షల క్యాంపు పెట్టారు. ఆశాజ్యోతి ఒక్కతే వెళ్లనని మారాం చేస్తే తోడు వెళ్లింది అనూరాధ. ఎలాగూ వచ్చారు కదా అని ఆమె వేలు కూడా పొడిచారు. కాసేపటికి పేరు పిలిస్తే వెళ్లి కూర్చుంది. డాక్టరు పేరు ధనశ్రీ, గాజువాక పిల్ల, ముప్పై కూడా ఉండవు. కాగితం చూసి, ఆమె కింది రెప్ప లాగి చూసి, గోళ్లు చూసి, ఏం తింటారని అడిగింది.

ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు అనూరాధ మొదలుపెట్టింది. తోటకూర నుంచి నువ్వుల దాకా చెప్పింది. నిమ్మకాయ ఎప్పుడు పిండాలో చెప్పింది. జామకాయలో పులుపు తక్కువైనా సి విటమిన్ నారింజ కంటే ఎక్కువని చెప్పింది. డాక్టరు చేతిలో పెన్ను ఆగిపోయింది. మా అమ్మకి చెప్తాను, కాస్త నెమ్మదిగా చెప్పండి అంటూ మందుల చీటీ వెనక రాసుకుంది కూడా. అనూరాధకి ఒళ్లంతా సంతోషం. చదువుకున్న పిల్ల, డాక్టరు, తను చెప్పింది రాసుకుంటోంది.

"ఇంతకీ మీరు ఎంత తాగుతారు?"

ఒక గ్లాసు అని చెప్పబోయింది. నోటి దాకా వచ్చింది. అబద్ధం చెప్పడానికి కారణమేమీ లేదు, చెప్తే పట్టుకునేవాళ్లూ లేరు. కానీ రాసుకుంటున్న ఆ పిల్ల మొహం చూస్తే నోరు రాలేదు.

"జార్ కడిగిన నీళ్లు తాగుతానండి."

డాక్టరు నవ్వలేదు. పెన్ను బల్ల మీద పెట్టింది. బియ్యం గానీ మట్టి గానీ తినాలనిపిస్తుందా అని అడిగింది. అనూరాధ చెయ్యి తనకి తెలియకుండానే రవిక దగ్గరికి వెళ్లింది, పొట్లం బయటికి కనపడుతోందేమోనని. కనపడటం లేదు. మరి ఈ అమ్మాయికెలా తెలిసింది? ఆమె తల ఊపింది. అంతే, కళ్లనీళ్లు ఆగలేదు. ఎందుకేడుస్తోందో ఆశాజ్యోతికి అర్థం కాలేదు గానీ డాక్టరుకి అయింది. అది చెడ్డ అలవాటు కాదని, రక్తం తగ్గితే చాలామందికి అలా అనిపిస్తుందని, మీ తప్పేమీ లేదని నెమ్మదిగా చెప్పింది. రక్తంలో హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాల్సిన చోట ఆమెకి ఎనిమిది ఉంది. ఐరన్ మాత్రలు రాసింది, నెలసరి అంత ఎక్కువ ఎందుకవుతోందో చూడాలని స్కానింగ్ రాసింది. జ్యూసు ఒక్కదానితో ఎనిమిది పన్నెండు కాదు, మాత్రలు మానొద్దు అని గట్టిగా చెప్పింది. వెళ్లేముందు మళ్లీ పిలిచింది.

"మీరు చెప్పిందాంట్లో ఒక్క తప్పు కూడా లేదండి. అది మీ లోపలికి వెళ్లలేదు, అంతే."

ఇంటికొచ్చే దారంతా అనూరాధకి ఆ మాటే. ఏడుపు పోయి ఇంకేదో వచ్చింది. దొంగని కాదు. బద్ధకస్తురాలినీ కాదు. ఎనిమిది పెట్టుకుని ఆరు నెలలు ఆ ఇంటిని నడిపింది. ఎనిమిదితో మార్కెట్టు సంచులు మోసింది, ఎనిమిదితో మేడ ఎక్కింది, ఎనిమిదితో ఆయన షుగరుని ఏడు కిందికి దించింది. పన్నెండు ఉన్నవాళ్లు చేసి చూపించమను. నడుస్తున్న దారిలో ఆమె ఒకసారి ఆగింది, ఆయాసానికి కాదు. తన మీద తనకి ఇంత గౌరవం కలగడం కొత్తగా ఉండి ఆగింది.

ఆ సాయంత్రం కాగితం శ్రీరామ్మూర్తి చేతిలో పెట్టి, బియ్యం తినాలనిపించడం కూడా రక్తం తగ్గడం వల్లేనని డాక్టరు అన్న మాట చెప్పింది. ఆయన చూశాడు. "ఆడోలందరికీ ఉన్నదే కదేటి ఇది. మాత్రలు రాసేరు కదా, ఏసుకో" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. కాగితం టీవీ పక్కన పెట్టి, ఆ ఎనిమిది లైన్లూ పెద్దక్షరాలతో ఇంకోసారి రాసివ్వమన్నాడు. స్టేజీ మీద కళ్లద్దాలు పెట్టుకుంటే బాగోదట.

గంగాలమ్మ మాత్రం మంచం మీంచి అంతా వింది. ఆయన లోపలికి వెళ్లాక కోడల్ని దగ్గరికి పిలిచింది. బియ్యం తినడం రోగమని ఆ డాక్టరమ్మే చెప్పిందా అని రెండుసార్లు అడిగింది. తర్వాత ఎడం చెయ్యి చాచి, మణికట్టు పైన అణా కాసంత మచ్చ చూపించింది. ఇరవై రెండేళ్లుగా అనూరాధ ఆ మచ్చని నూనె చిందిన మచ్చనుకుంది.

"నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు నాను గోడ మట్టి గిల్లుకు తినీదాన్ని. మా అత్త సూసి అట్లకాడ కాల్సి ఎట్టింది. నాను ఇన్నాళ్లూ నాదే తప్పనుకున్నానమ్మా."

అనూరాధ ఆ మచ్చ మీద చెయ్యి వేసి కూర్చుంది. నవ్విన నోరే ఈ మాట చెప్పిందని కోపం రాలేదు. ఈవిడ గోడ ఎక్కడ గిల్లుకుందో, ఎవరికీ కనపడకుండా ఎలా నమిలిందో తనకి బాగా తెలుసు.

శుక్రవారం పొద్దున్న మూడు గ్లాసులూ పోశాక గంగాలమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మోకాళ్ల నొప్పులతో అంత దూరం రావడమే గొప్ప. తన గ్లాసు ముందుకు చాచి, "నాది సగం తాగీ" అంది. ఆ సగం తాగేస్తే అత్తగారికి తృప్తి, తనకీ కాస్త బలం, ఇల్లు ఎప్పటిలాగే నడిచిపోతుంది. కానీ చెయ్యి ముందుకు వెళ్లలేదు. ఇన్నేళ్లూ సగాలే తిన్నది తను. హేమశ్రీ వదిలేసిన ఇడ్లీ, ఆయన పళ్లెంలో మిగిలిన కూర, అడుగంటిన పప్పు. ఎవరూ పెట్టనని అనలేదు. ఎవరూ వద్దనలేదు. అక్కడే ఉంది చిక్కంతా. ఎవరైనా వద్దంటే ఎప్పుడో పోట్లాడేది. ఎవరూ ఏమీ అనకుండానే ఆమె చెయ్యి మూడు దగ్గర ఆగిపోవడం నేర్చేసుకుంది.

"నాకు మిగిలింది వద్దత్తా. నా కోసమని సేసింది కావాల."

అని జారులో పోసిన నీళ్లు తాగకుండా పెరట్లోకి తీసుకెళ్లి మునగ మొదట్లో పోసేసింది.

శనివారం ట్రైనింగ్ హాల్లో అరవై మంది దాకా ఉన్నారు. బల్ల మీద మిక్సీ, ఆకులు, పళ్లు. శ్రీరామ్మూర్తి ఇస్త్రీ చొక్కాలో మెరిసిపోతున్నాడు. మా మిసెస్ హెల్ప్ చేస్తారని పరిచయం చేశాడు. అంటే మిక్సీ తిప్పేది ఆమె, మైకు పట్టుకునేది ఆయన. ఎనిమిది లైన్లూ చక్కగానే చదివాడు. అన్నీ వేసి తిప్పాక సన్న జల్లెడతో వడకట్టుకోవాలని ముగించాడు. అందరూ చప్పట్లు కొట్టాక ముందు వరసలో కూర్చున్న మేనేజరు అనిరుధ్ గారు లేచి, నిమ్మకాయ చివర్లో ఎందుకు వేశారు, ముందే వేసి తిప్పితే ఏమవుతుంది అని అడిగాడు. మంచి ప్రశ్న. జవాబు కొట్టేసిన లైన్లలో ఉంది. శ్రీరామ్మూర్తి కాగితం తిరగేశాడు, వెనక ఖాళీ. భార్య వైపు చూశాడు. ఆమె చెయ్యి చాచింది. ఆయన మైకు ఇచ్చాడు.

మొదటి రెండు మాటలకీ ఆమె గొంతు ఆమెకే వింతగా వినిపించింది. పుస్తకాల భాషలో మొదలుపెట్టింది. నాలుగో మాటకి ఆనందపురం వచ్చేసింది, ఆపలేదు. మిక్సీలో ఎక్కువసేపు తిరిగితే వేడికీ గాలికీ పులుపులోని సారం కొంత పోతుందని, అందుకే చివర పిండడమని చెప్పింది. ఆ పులుపు లేకపోతే ఆకులో ఇనుము ఉన్నా మనకి సరిగా పట్టదని, తాగిన గంట దాకా టీ జోలికి పోవద్దని చెప్పింది. షుగరున్నవాళ్లు పళ్లు తక్కువ వేసి ఆకు ఎక్కువ వేసుకోవాలి, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. చేసినవెంటనే తాగాలి, సీసాల్లో పోసి దాస్తే రంగు తప్ప పెద్దగా మిగలదు.

"ఇంకోటండి. వడకట్టక్కర్లేదు. షుగరోలికి ఆ పిప్పే ముక్కెం. గింజలు అడ్డమైతే జామకాయ గింజ తీసీసి ఎయ్యండి. మా ఇంట్లో వడకట్టిన పిప్పి నాను సపాతీ పిండిలో కలిపెత్తన్నాను. ఈయన ఆరు నెల్ల నుంచి తింతానే ఉన్నారు."

హాలంతా గొల్లుమంది. శ్రీరామ్మూర్తి కూడా నవ్వాడు, నవ్వక తప్పలేదు. ప్రశ్నల మీద ప్రశ్నలు వచ్చాయి. అన్నిటికీ ఆమె దగ్గర జవాబుంది. రెండో ఏడాదిలో ఆగిపోయిన చదువు ఎక్కడికీ పోలేదు, రోజూ పొద్దున్న ఐదింటికి పనిచేస్తూనే ఉందని ఆమెకి అప్పుడు తెలిసింది. వేసవిలో కూడా చల్లగా ఉండే ఆమె చేతులు వెచ్చబడ్డాయి.

అనిరుధ్ గారు సంతోషపడిపోయి, మూర్తిగారూ, అయితే మీ కుటుంబం మొత్తం ఫిట్టన్నమాట అన్నాడు. "అందరం తాగుతాం సార్" అన్నాడు శ్రీరామ్మూర్తి. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. అది చూసేసరికి ఆమెకి అంతవరకూ లేని ధైర్యం వచ్చింది. మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"అందరం కాదండి. ముగ్గురు తాగుతారు. నాకు రక్తం ఎనిమిదుంది."

నవ్వు మిగిలిన మొహాలు అలాగే ఆగిపోయాయి. అనూరాధ గొంతు పెంచలేదు, తగ్గించలేదు. వండే మనిషి తాగుతోందో లేదో మా ఇంట్లో ఎవరూ చూడలేదు, నేనూ చూసుకోలేదు, మీ ఇళ్లల్లో చూడండి అంది. పచ్చి బియ్యం తినేదాన్నని, అది దొంగతనమనుకుని దాచుకున్నానని, కాదని రెండు రోజుల క్రితమే తెలిసిందని కూడా చెప్పేసింది. చెప్పినవెంటనే ఒళ్లు తేలికైంది.

వెనక గోడ దగ్గర, తోటపని చేసే కాంట్రాక్టు మనిషి దేముడమ్మ నిలబడి ఉంది. కుర్చీలు సర్దడానికి వచ్చి ఉండిపోయింది. ఆవిడ చెయ్యెత్తలేదు, నడుచుకుంటూ బల్ల దాకా వచ్చేసింది. మా కోడలు బలపం ముక్కలు తింటాది, నాను నిన్ననే కొట్టేను తల్లీ, ఆ డాక్టరమ్మ ఎక్కడ ఉంతాది అని అడిగింది. హాల్లో ఉన్న ఆడవాళ్లు ఒక్కొక్కరూ లేచి బల్ల చుట్టూ చేరారు. మైకు అవసరం లేకపోయింది. ముఖ్య అతిథికని పోసిన గ్లాసు దేముడమ్మ తాగేసిందని ఆ గందరగోళంలో ఎవరూ గమనించలేదు, అనూరాధ తప్ప. దాన్ని ఆవిడ చేతికిచ్చింది ఆమే.

తిరుగు దారిలో స్కూటరు మీద, క్వార్టర్ల మలుపు దగ్గర శ్రీరామ్మూర్తి అన్నాడు.

"అందరి ముందూ అలగ అనాలేటి?"

"ఇంట్లో సెప్పేనండి. అప్పుడు మీరు ఎనిమిది లైన్లు పెద్దక్షరాలతో రాయమన్నారు."

ఆమె ఓదార్చలేదు. ఇంతకుముందైతే ఆయన మొహం చిన్నబోతే ఏదో ఒకటి చెప్పి సర్దేది, అది కూడా తన పనుల్లో ఒకటిగా ఉండేది. ఆ సాయంత్రం ఆ పని చెయ్యలేదు. ఆయన టీవీ పక్కనున్న రిపోర్టు తీసి ఈసారి కూర్చుని చదవడం మాత్రం చూసింది.

ఆదివారం ఆమె ఐదింటికి లేవలేదు, ఆరింటికి లేచింది. పెరట్లోకి వెళ్లి బచ్చలి కోసింది. దోరజామ ఒకటి ఎంచుకుని గింజలు తీసింది. ఎంత కావాలో అంతే వేసి తిప్పింది, నిమ్మకాయ పిండింది, వడకట్టలేదు. ఒక్క గ్లాసు వచ్చింది. గట్టు దగ్గర నిలబడకుండా హాల్లోకి తెచ్చుకుని, భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది.

శ్రీరామ్మూర్తి వాకింగ్ నుంచి వచ్చాడు. బూట్లు విప్పాడు. బల్ల మీద చూశాడు, ఆమె చేతిలో గ్లాసు తప్ప ఇంకోటి లేదు. ఏదో అడగబోయాడు.

"ఆగరా" అంది గంగాలమ్మ మంచం మీంచి. "అది తాగనీ."

ఆయన ఆగాడు. హేమశ్రీ గది గుమ్మంలోకి వచ్చి, ఏం జరుగుతోందో అర్థంకాక అక్కడే నిలబడిపోయింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె తాగడం అయ్యేదాకా ఆ ఇంట్లో ముగ్గురు ఎదురుచూడటం అదే మొదటిసారి.

అనూరాధ తొందరపడలేదు.